ఏడో నంబరు పెట్టెలో గొంతు

"ఏడో నంబరు. నవంబరు పన్నెండు, ఇరవై రెండు. సన్నజల్లు. గాలి లేదు."

నెరిడా పెన్సిల్ కింద పెట్టేసింది.

ఆ గొంతు ఆమెకి కొత్తదేం కాదు. పది నెలలుగా పొద్దున్న హెడ్‌ఫోన్లు తగిలించుకోగానే వినబడేది అదే. ముందు చిన్న దగ్గు. తర్వాత నంబరూ, తారీఖూ, వాతావరణం. ఆ పైన పెట్టె మూత బిగిస్తున్న చప్పుడు, దూరమైపోయే బూట్ల అడుగులు. అవి అణిగాక అడవి మొదలవుతుంది. వాన బొట్లు, కొమ్మల రాపిడి, నాచు అడుగు నుంచి కప్ప. బొటనవేలి గోరంత ఉంటుందది. అరుపు మాత్రం బల్ల మీద వదిలేసిన పింగ్‌పాంగ్ బంతిలా ఉంటుంది. టక్, టక్, టక్‌టక్‌టక్. ఆ అరుపుల్ని లెక్కపెట్టడం నెరిడా పని.

మరెల్ కొండ మీద తొమ్మిది చెట్లకి తొమ్మిది రికార్డర్ పెట్టెలు కట్టి ఉన్నాయి. మూడు నెలలకోసారి ఎవరో ఒకరు వెళ్ళి బ్యాటరీలూ కార్డులూ మార్చాలి. మార్చిన మనిషి నాలుగు ముక్కలు చెప్పి మూత వెయ్యాలి. ఆ నాలుగు ముక్కలు చెప్పేది డెస్మండ్ కీర్. ఆ పెట్టెలు కట్టిందీ, ఏ కొండ మీద ఏ చెట్టుకి కట్టాలో తేల్చిందీ అతనే. డిపార్ట్‌మెంటులో అందరూ డెస్ అనేవాళ్ళట. నెరిడా ఎప్పుడూ చూడలేదు. వేరే డిపార్ట్‌మెంటు నుంచి ఆమె ఈ పనికి వచ్చేసరికే డెస్ పోయి రెండున్నరేళ్ళు దాటింది.

పోయింది రెండువేల ఇరవై రెండు జూన్‌లో. ఆ సంగతి ఆమెకి బాగా గుర్తు. ఎందుకంటే కార్డుల్ని వరసగా వింటూ వస్తూ, కిందటి వారం ఆ ఏడు మే నెల కార్డులు పూర్తిచేసినప్పుడు, ఇక ఈ గొంతు వినబడదు కాబోలు అనుకుని కాసేపు ఊరికే కూర్చుంది. చుట్టం కాదు, స్నేహితుడు కాదు. అయినా ఎవరినో సాగనంపినట్టే అనిపించింది.

ఈ పొద్దున్న వరస చూడకుండా చేతికందిన కార్డు పెడితే, నవంబరంటున్నాడు.

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. అదే దగ్గు. "నవంబరు పన్నెండు, ఇరవై రెండు." ఆగస్టు కార్డుల సంచీ తీసింది. అందులోనూ ఉన్నాడు. మరుసటి ఏడు ఫిబ్రవరి. ఉన్నాడు. దవడ నొప్పెట్టింది. నిద్రలో పళ్ళు కొరుకుతోందని డాక్టరు ప్లాస్టిక్ తొడుగు ఇచ్చాడు. రెండు తొడుగులు కొరికి పగలగొట్టింది. ఇప్పుడు పగలు కూడా కొరుకుతోంది.

చివరి కవరు తెరిచింది. ఈ ఏటి ఆగస్టులో వచ్చింది; మేలో, చలికాలం మొదట్లో పెట్టిన కార్డులు. ఏడో నంబరు కార్డు పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

దగ్గు.

"ఏడో నంబరు. మే పది, ఇరవై ఐదు. మంచు పడుతోంది, తడి మంచు." అడుగులు మొదలవ్వాలి. అవ్వలేదు. ఊపిరి వినబడింది. తర్వాత గొంతు మైకుకి దగ్గరగా వచ్చింది. "నాలుగో నంబరు దగ్గర కిందటేడంతా ఒక్క కప్ప కూడా అరవలేదు. ఎవరైనా వింటున్నారో లేదో నాకు తెలీదు. వింటుంటే, అది రాసుకోండి."

కిటికీ అవతల ఎండ కాస్తోంది. పక్క గదిలో ఎవరో జిరాక్స్ తీస్తున్నారు. నెరిడా పెన్సిల్ తీసుకుని, చెప్పినట్టే రాసుకుంది.

డెస్ చచ్చిపోయాడని ఆమెతో ఎవరూ అనలేదు. ఆ మాట నిజమే. కానీ ఆమె వచ్చిన మొదటిరోజు ఆఫీసు చూసుకునే గ్వెన్ ఈ బల్ల చూపిస్తూ గొంతు తగ్గించింది. "ఇది డెస్‌ది. పాపం, డెస్. ఆ రోజు నేను రెండు కేకులు తెచ్చాను, ఒక్కళ్ళూ ముట్టలేదు." ప్రొఫెసర్ లోర్నా ఆల్డ్రిడ్జ్ ఒకసారి మీటింగులో, "డెస్‌ని పోగొట్టుకున్న ఏడాది" అని, అక్కడే ఆగిపోయి, కాగితాలు సర్దుకుంది. అతని గురించి ఎవరు మాట్లాడినా 'ఉండేవాడు', 'నవ్వేవాడు', 'అంత తెలివైనవాడు' అనే. ఎలా పోయాడని అడగడం మర్యాద కాదని నెరిడా అడగలేదు. ఇప్పుడు కంప్యూటర్లో అతని పేరు కొట్టి చూసింది. వ్యాసాలు, వ్యాసాలు, సభల్లో ఫొటోలు. అన్నీ ఇరవై రెండుతో ఆగిపోయాయి. ఆ తర్వాత అతను ఈ భూమ్మీద ఎక్కడా లేడు, మరెల్ కొండ మీద తప్ప.

గ్వెన్ దగ్గరికి వెళ్ళింది. "ఈ కార్డుల కవర్లు ఎవరు పంపుతారు?"

"పార్కు వాళ్ళు కదమ్మడూ. పోస్టులో వస్తాయి, నీ అరలో పడేస్తాను. ఏం, రాలేదా?"

"వచ్చాయి. కవరు మీద పేరు లేదు."

"వాళ్ళంతే. మొహం ఏంటి అలా పాలిపోయింది? తిన్నావా పొద్దున్న?"

"తిన్నాను."

"అబద్ధం," అంది గ్వెన్, డ్రాయర్లోంచి బిస్కెట్ల పొట్లం తీసి ఆమె చేతిలో పెడుతూ.

నెరిడా పార్కు ఆఫీసుకి ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి చాలాసేపు వెతికి, మరెల్ కొండ మీద తమ మనుషులెవరూ ఏ పెట్టెలూ ముట్టుకోరనీ, అక్కడికి వెళ్ళడానికి ఎవరికీ జీతం ఇవ్వడం లేదనీ చెప్పింది.

గురువారం పొద్దున్న మెట్ల దగ్గర తలుపుకి కార్డు తాకిస్తే ఎర్రదీపం వెలిగింది. మళ్ళీ తాకించింది. ఎర్రదే. కింద కంప్యూటర్ల గదికి వెళితే అక్కడి మనిషి స్క్రీను తిప్పి చూపించాడు.

"మీరు మా దగ్గర లేరండీ."

"లేకపోవడమేంటి? పదకొండేళ్ళ నుంచి ఈ యూనివర్సిటీలో పనిచేస్తున్నాను."

"కాదనట్లేదు. కానీ లేరు." పాపం, అతను నిజంగానే నొచ్చుకున్నాడు. "మీ కాంట్రాక్టు డిసెంబరు పంతొమ్మిదికి కదా? నిన్న ఎవరో అక్టోబరని కొట్టినట్టున్నారు. సాయంత్రానికి మిమ్మల్ని తిరిగి తెస్తాను. అందాకా ఎవరి వెనకాలైనా లోపలికి వెళ్ళండి."

ఒక విద్యార్థుల గుంపు వెనకాల లోపలికి వెళ్ళింది. వాళ్ళు నవ్వుకుంటూ ఆమెని తోసుకుని నడిచారు. తలుపు ఆమె భుజానికి తగిలి మూసుకుంది. ఎవరూ వెనక్కి చూడలేదు.

ఆమెది ఆరో కాంట్రాక్టు. ఇప్పుడు మూడేళ్ళ ఉద్యోగం ఒకటి పడింది. మనిషిని ఎంచే కమిటీ పధ్నాలుగో తారీఖు శుక్రవారం కూర్చుంటుంది. దానికి ముందు కప్పల పేపరు పత్రికకి పంపేయాలని లోర్నా నెల నుంచి చెబుతోంది. ఇరవై రెండు మే దాకా ఉన్న లెక్కతో పేపరు తయారయింది కూడా. లోర్నా దిద్ది పంపిన ప్రతిలో మొదటి పేజీ మీద రెండే పేర్లున్నాయి: నెరిడా వెల్బీ, లోర్నా ఆల్డ్రిడ్జ్.

"డెస్ పేరు లేదేంటి?" అడిగింది నెరిడా, లోర్నా గదిలో నిలబడే.

లోర్నాకి యాభై ఏడేళ్ళు. గదిలో తెరలు ఎప్పుడూ వేసే ఉంటాయి, స్క్రీను మీద వెలుతురు పడకుండా. బల్ల మీద మూడు కప్పుల్లో మూడు రోజుల టీ సగం సగం ఉంది. ఆమె కళ్ళజోడు తీసి ముక్కు నొక్కుకుంది.

"పేరున్న ప్రతి మనిషీ సంతకం పెట్టాలి. లేని మనిషి చేత ఎలా పెట్టిస్తావ్?"

"పోయినవాళ్ళ పేర్లు కూడా వేస్తారు కదా, పక్కన చిన్న గుర్తు పెట్టి."

లోర్నా ఆమె వైపు వింతగా చూసింది. ఏదో అనబోయింది. అంతలో ఫోన్ మోగింది, తీసి రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసింది. ఆ రెండు ముక్కల్లో అనబోయిన మాట పోయింది.

"చూడు, నెరిడా. మొదటి పేరు నీదై ఉండాలి. ఈ ఏడు మొదటి పేరుతో ఒక్క పేపరైనా లేకపోతే కమిటీలో నేను నోరెత్తలేను. అతనికి ఆ పేరుతో పని లేదు. నీకుంది. పదకొండేళ్ళుగా నువ్వు ఎలా నెట్టుకొస్తున్నావో నాకు తెలుసు. నీ కోసమే చేస్తున్నాను."

అది నిజమని నెరిడాకి తెలుసు. గొంతు సంగతి నోటిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? కిందటి నెల కీటకాల లాబ్‌లో ఒకతను గోడ లోపల చప్పుళ్ళు వినబడుతున్నాయన్నాడు. అతన్ని సెలవు మీద పంపారు. అతని గురించి కూడా ఇప్పుడు 'ఉండేవాడు' అనే అంటున్నారు.

"సోమవారానికి పంపేస్తావు కదూ?" అంది లోర్నా, అప్పటికే స్క్రీను వైపు తిరిగి.

నెరిడా బల్ల దగ్గరికి వచ్చి అన్ని కార్డుల తారీఖులూ ఒక కాగితం మీద రాసింది. డెస్ ఉన్న రోజుల్లో అవి వారంలో ఏ రోజైనా ఉన్నాయి: మంగళవారాలు, గురువారాలు. పోయిన తర్వాత మాత్రం అన్నీ శనివారాలే. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు, ప్రతిసారీ రెండో శనివారం. గోడ మీద క్యాలెండరు చూసింది. నవంబరు రెండో శనివారం ఎల్లుండే.

శనివారం వెలుతురు వచ్చీరాగానే తనుండే హోబార్ట్ నుంచి బయల్దేరింది. హ్యూఅన్ నది మీద పొగమంచు పరుచుకుని ఉంది. యాపిల్ తోటలు దాటి, గీవ్‌స్టన్‌లో పెట్రోలు కొట్టించుకుని, కంకర రోడ్డు ఎక్కింది. పైకి వెళ్ళేకొద్దీ వాన సన్నబడి, చివరికి వానో మంచో తెలియని తడి మిగిలింది. రోడ్డు ఆగిపోయే చోట గేటు. గేటు పక్కన ఒక తెల్ల ట్రక్కు నిలిపి ఉంది. లోపల ఎవరూ లేరు. ఆమె ఇంజను మూత మీద అరచెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

వెనక్కి వెళ్ళిపోదామని నిజంగానే అనుకుంది. తాళంచెవి చేతిలోనే ఉంది. కానీ ఇంటికెళ్ళి చెయ్యాల్సింది తలుచుకుంటే, పేపర్లో కామాలు దిద్దడం, సోమవారం దాకా దవడ నొక్కుకుంటూ కూర్చోవడం, ఈ కొండే నయమనిపించింది.

బాట మీద పలకలు జారుతున్నాయి. నాచు పట్టిన చెట్లు మంచులోంచి ఒక్కొక్కటే పైకి వచ్చి, దాటగానే మళ్ళీ కలిసిపోతున్నాయి. ఒకటో నంబరు పెట్టె మూత మీద తడి గుడ్డతో తుడిచిన జాడ. అంచున కొత్త టేపు అంటించి ఉంది. రెండో నంబరు దగ్గర బురదలో బూటు గుర్తు. ఆమె చూస్తుండగానే మడమ గుంటలోకి నీళ్ళు ఊరుతున్నాయి. అంటే ఆ కాలు ఇప్పుడే లేచింది. ఆమె నడక పెంచింది. ముందున్న వాళ్ళు కూడా పెంచినట్టున్నారు, మూడో నంబరు దగ్గరా గుర్తే, మనిషి లేడు. నాలుగో నంబరు దగ్గర ఆగింది. మిగతా చోట్ల నాచు అడుగు నుంచి టక్ టక్ అని వినబడుతూనే ఉంది. ఇక్కడ వినబడలేదు. చెట్లు అవే, నాచు అదే, తడి అదే. చెవులు మూసినంత నిశ్శబ్దం. పది నెలల నుంచి కప్ప అరవని ప్రతి గంటకీ ఎదురుగా ఆమె సున్నాలు రాస్తూ ఉంది. సున్నా అంటే ఇలా ఉంటుందని తెలియదు.

ఆరో నంబరు దాటి మలుపు తిరుగుతుంటే దగ్గు వినబడింది.

"ఏడో నంబరు. నవంబరు ఎనిమిది, ఇరవై ఐదు. మంచు. గాలి కొద్దిగా."

హెడ్‌ఫోన్లు తీసేద్దామని నెరిడా రెండు చేతులూ చెవుల మీదికి పోయాయి. చెవుల మీద ఏమీ లేదు, తడి జుట్టు తప్ప.

మంచులో ఒక వీపు కనబడింది. గొంతుని బట్టి సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషిని ఊహించుకుంది ఇన్నాళ్ళూ. ఈ మనిషి పొట్టి, బొద్దు, ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకున్నాడు. ఎడమ మోకాలు వంచలేక, కాలు చాపి పక్కకి ఒరిగి మూత మరలు బిగిస్తున్నాడు. ఆమె కాలి కింద పుల్ల విరిగింది. అతను ఉలిక్కిపడి తిరిగాడు.

స్క్రూడ్రైవర్ ఛాతీకి అడ్డం పట్టుకున్నాడు.

"పార్కు వాళ్ళా?" అన్నాడు. "మీరు ఏదో ఒక రోజు వస్తారని తెలుసు. నా దగ్గర అనుమతి కాగితం లేదు, ముందే చెబుతున్నాను."

"మీరు డెస్మండ్ కీరేనా?"

"అవును. మీరు?"

"నేను మీ బల్ల దగ్గర కూర్చుంటాను," అంది నెరిడా. ఇంకేం చెప్పాలో తోచక, నోటికొచ్చింది చెప్పేసింది. "మీరు చచ్చిపోయారనుకున్నాను."

డెస్ స్క్రూడ్రైవర్ దించాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అందరూ అలా మాట్లాడతారు."

అతను నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. ఆమెకి అణువణువూ తెలిసిన దగ్గు. "మా ఆవిడకి చెప్పాలి ఇది. నిన్న చెత్త బయట పెట్టమంటే పెట్టలేదని నన్ను చంపినంత పని చేసింది, మీవాళ్ళు అంతకుముందే..." మళ్ళీ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. చెట్టుకి ఆనుకున్నాడు. "పూర్తిగా తప్పు కూడా కాదులే. మొదటి ఏడాది నాకూ అలాగే ఉండేది."

కొమ్మల కింద కాస్త పొడిగా ఉన్న చోట కూర్చున్నారు. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆమెకిచ్చి, గుడ్డు శాండ్‌విచ్ రెండుగా తుంచాడు. హ్యూఅన్‌విల్ దగ్గర నీళ్ళ ప్లాంటులో పనిచేస్తున్నాడట. పొద్దున్న ఏడున్నరకి సీసాలు పట్టుకుని పన్నెండు కుళాయిలు తిరిగి నీళ్ళు పడతాడు, పరీక్ష చేస్తాడు, రాస్తాడు, మూడున్నరకి ఇంటికి వెళ్ళిపోతాడు.

"తర్వాత?" అంది నెరిడా.

"తర్వాతేముంది? ఇంటికి."

"అంటే... పని ఎప్పుడు చేస్తారు?"

డెస్ ఆమె మొహంలోకి చూశాడు. ఈసారి నవ్వలేదు. "టీ తాగు," అన్నాడు. 'మీరు' పోయి 'నువ్వు' ఎప్పుడొచ్చిందో ఇద్దరూ గమనించలేదు. "పళ్ళు కొరుకుతున్నావు. నీ దవడ కదలడం ఇక్కడికి కనబడుతోంది. నాకు చేతులు. రెండు చేతులూ మొద్దుబారిపోయేవి."

"ఎందుకు వదిలేశారు?"

"వదల్లేదు. ఒక పొద్దున్న అక్కడి కారు పార్కింగులో కూర్చున్నాను. సీటు బెల్టు తియ్యాలి. తియ్యలేకపోయాను. చేతికేం కాలేదు, బటన్ బానే ఉంది. నేనే తియ్యలేకపోయాను. గంటన్నర తర్వాత లోర్నా చూసింది. వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఏం అడగలేదు, ఏం చెప్పలేదు. చాలాసేపు కూర్చుని, తనే నా బెల్టు తీసింది. మంచి మనిషి. ఆ తర్వాత నాతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు."

"మరి ఇక్కడికి ఎందుకొస్తున్నారు?"

"లెక్క మధ్యలో తెగిపోతే మళ్ళీ అతికించలేం కదా. బ్యాటరీలు అయిపోతాయని తెలిసి ఇంట్లో కూర్చోలేకపోయాను. చెబుదామనుకున్నాను. చెబితే బీమా అంటారు, ఫారాలంటారు, వద్దంటారు. సరే, ఎవరైనా అడిగినప్పుడు చెబుదాంలే అనుకున్నాను." టీ ఒక గుక్క తాగాడు. "మూడేళ్ళయింది. కార్డులు నడుచుకుంటూ వస్తున్నాయనుకున్నారేమో."

కొంతసేపు కప్పల్ని విన్నారు. తర్వాత అతను ఆమె వైపు చూడకుండా అన్నాడు. "నేనేదో మునినైపోయాననుకోకు. కుళాయి నీళ్ళ మీద ఎవడూ చప్పట్లు కొట్టడు. ఒక్కోరోజు ఆ సీసాలన్నీ గోడకేసి కొట్టాలనిపిస్తుంది. ఈ కప్పల పేపరు ఎప్పటికైనా వస్తుంది కదా, అందులో నా పేరు చూసుకోవాలని ఉంది. నవ్వకు."

నెరిడా నవ్వలేదు. "అది సోమవారం వెళ్తోంది," అంది. "అందులో మీ పేరు లేదు. మొదటి పేరు నాది."

డెస్ ఫ్లాస్కు మూత బిగించబోయాడు. మర పడలేదు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ పడలేదు. మూడోసారికి పడింది.

"అలాగా," అన్నాడు.

అంతే. ఎనిమిదో నంబరు దగ్గరికి నడిచారు, అతను ముందు కుంటుతూ, ఆమె వెనకాల. డిసెంబరులో మోకాలికి ఆపరేషన్ ఉందనీ, ఈ కొండకి రావడం ఇదే ఆఖరనీ దారిలో చెప్పాడు. తొమ్మిదో నంబరు దగ్గర వంగలేక స్క్రూడ్రైవర్ ఆమెకి అందించాడు. ఆమె బ్యాటరీలు మార్చింది, కార్డు మార్చింది. మూత వెయ్యబోతే, "చెప్పు మరి," అన్నాడు.

నెరిడా పెట్టెకి దగ్గరగా వంగింది. "తొమ్మిదో నంబరు," అంది. ఆ గొంతు తనది కానట్టుంది. బొంగురుగా, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు. "నవంబరు ఎనిమిది, ఇరవై ఐదు. మంచు." ఎవరు వింటారో, ఎప్పుడు వింటారో తెలియని చోటికి మాట్లాడటం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. గబగబా మూత బిగించేసింది.

సోమవారం పొద్దున్న తొమ్మిదీ పదికి పేపరు పంపేసింది. మొదటి పేరు డెస్మండ్ కీర్. రెండోది నెరిడా వెల్బీ. మూడోది లోర్నా ఆల్డ్రిడ్జ్. ఆదివారం మధ్యాహ్నం సంతకం కాగితం డెస్‌కి పంపితే పదకొండు నిమిషాల్లో తిరిగొచ్చింది. మార్చిన ప్రతిని లోర్నాకి కూడా ఆదివారమే పంపింది. లోర్నా చదవకుండానే సరేనని సంతకం పెట్టి పంపింది. ఆవిడకి రోజుకి రెండువందల ఉత్తరాలు వస్తాయి. చదవదని నెరిడాకి తెలుసు. తెలిసే పంపింది.

పదింటికి పిలుపొచ్చింది.

లోర్నా స్క్రీను ముందు కూర్చుని ఉంది. మొదటి పేజీ తెరిచి ఉంది. "తలుపు వెయ్యి," అంది.

వేసింది.

"ఏం చేశావో తెలుసా?"

"తెలుసు. మీకు విడిగా చెప్పాల్సింది. చెబితే ఆపేస్తారని చెప్పలేదు. అందుకు క్షమించండి. పేర్ల వరసకి మాత్రం కాదు."

"శుక్రవారం వాళ్ళకి నేనేం చూపించను?"

"రెండో పేరు."

"రెండో పేరుకి ఇక్కడ ఏమీ లేదు, నెరిడా! కుర్చీ కూడా ఉండదు!" లోర్నా గొంతు మొదటిసారి పైకి లేచింది. లేచిన గొంతు ఆవిడకే కొత్తగా ఉన్నట్టుంది, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కొంచెంసేపటికి మామూలుగా అడిగింది. "సంతకం ఎక్కడ దొరికింది?"

"కొండ మీద కలిశాను. మూడేళ్ళ నుంచి పెట్టెలు చూస్తున్నది ఆయనే. శనివారాలు."

లోర్నా కప్పుల్లో ఒకదాన్ని ఇటునుంచి అటు జరిపింది.

"ఎలా ఉన్నాడు?"

"మోకాలు బాగాలేదు."

"అది కాదు."

నెరిడా ఆలోచించింది. "మూడున్నరకి ఇంటికి వెళ్ళిపోతాడట."

"వెళ్ళి?" అంది లోర్నా. వెంటనే అంది, ముందుకి వంగి. "ఆ తర్వాత ఏం చేస్తాడు?"

ఆ అడగడంలో ఉన్న ఆకలి చూసి నెరిడాకి భయమేసింది. తెరల వెనక మసక వెలుతురులో ఆ మొహం బాగా తెల్లగా ఉంది. కళ్ళ కింద చర్మం కాగితంలా పలచబడింది. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందీ మనిషి? ఇన్నాళ్ళూ తను చూసింది ఎవరిని?

"నేనూ అదే అడిగాను," అంది. "టీ తాగమన్నాడు."

లోర్నా వెనక్కి వాలింది. "ఆ రోజు అతని కారులో బెల్టు తీశాక, నా కారులో కాగితాలున్నాయి కదా అని తెచ్చుకోవడానికి వెళ్ళాను. ఊరికే సీట్లో కూర్చున్నాను. బెల్టు పెట్టుకోలేదు కూడా. లేవలేకపోయాను. అతనికైతే నేను వెళ్ళాను. నాకు ఎవరొస్తారు? చీకటి పడ్డాక, కాళ్ళు చల్లబడితే లేచాను. మర్నాడు అతనికి ఫోన్ చేద్దామని నంబరు కూడా కొట్టాను. చేస్తే నేనూ వెళ్ళిపోతాననిపించింది. అందుకే..." చెయ్యి గాల్లో ఊపింది. "అందరూ గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టింది నన్ను చూసే. నేను మాన్పించలేదు. అలా అయితేనే తేలిగ్గా ఉంది."

బల్ల మీద ఫోన్ మోగింది. లోర్నా దాన్ని చూసింది. మోగి మోగి ఆగిపోయింది.

"నువ్వేం చేస్తావ్?"

"డిసెంబరు పంతొమ్మిది దాకా ఉంటాను. గీవ్‌స్టన్ దగ్గర మొక్కల నర్సరీలో మనిషి కావాలట. గురువారం వెళ్ళి మాట్లాడొస్తాను. ఇస్తారో లేదో తెలీదు. నచ్చుతుందో లేదో అసలే తెలీదు." తలుపు వైపు ఒక అడుగు వేసి, ఆగింది. "కొండ మీదికి మాత్రం ఫిబ్రవరిలో నేను వెళ్తాను. అనుమతి కాగితం మీరే ఇవ్వాలి. బీమాతో సహా."

"ఇస్తాను," అంది లోర్నా. ఒక కాగితం తీసి, కలం తీసి, రాయకుండా రెండూ పక్కన పెట్టింది. లేచి తెరల దగ్గరికి వెళ్ళింది. తాడు ఎటు లాగాలో మర్చిపోయినట్టుంది. రెండు మూడుసార్లు తడుముకుని, విసుగొచ్చి వదిలేసింది. కోటు తీసుకుంది. "నాతో కిందికి వస్తావా కాసేపు?"

"పదకొండింటికి మీకు మీటింగు ఉంది."

"ఉంది," అంది లోర్నా, కోటు గుండీ పెట్టుకుంటూ.

రేవు పది నిమిషాల నడక. లోర్నా కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, రోడ్డు దాటే ప్రతిచోటా నెరిడా మోచెయ్యి పట్టుకుంటూ నడిచింది. పడవలకి రంగులేస్తున్నారు. ఒకడు వల చిక్కులు తీస్తూ ఎవర్నో తిడుతున్నాడు. సోమవారం పదకొండు గంటలకి ఊళ్ళో ఇంతమంది బయట ఉంటారా అన్నట్టు ఆవిడ ప్రతివాళ్ళ మొహంలోకీ చూస్తోంది. ఎదురొచ్చిన ఒకామె నవ్వి "గుడ్ మార్నింగ్" అంటే, తననేనా అని వెనక్కి తిరిగి చూసుకుంది.

బండి దగ్గర గుల్లల మాంసం కూరి కాల్చిన స్కాలప్ పైలు రెండు తీసుకున్నారు. బండివాడు వేడి వేడిది కాగితంలో చుట్టి లోర్నా చేతికిస్తూ, పాలిపోయిన ఆ మొహాన్నీ, ఎండకి చికిలిస్తున్న ఆ కళ్ళనీ చూశాడు.

"ఊరికి కొత్తా అమ్మా?"

లోర్నా ఆ ఎదురుగా కనబడే భవనంలోకి వచ్చి ఇరవై నాలుగేళ్ళయింది.

"అవును," అంది.

"ఎన్నాళ్ళుంటారు?"

ఆవిడ చల్లారేదాకా ఆగకుండా పైని కొరికింది. నాలుక కాలింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాలుతున్నదాన్ని అలాగే నమిలి మింగి, మళ్ళీ కొరికింది.